గడప దగ్గర తనిఖీ

మొన్న సాయంత్రం బెంగళూరులో మా అమ్మాయి ఇంటి వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే నా ఫోనుకి ఒక సందేశం వచ్చింది. మీకు అప్పు మంజూరైంది, ఒక్కసారి నొక్కితే చాలు, డబ్బు మీ ఖాతాలో పడుతుందని దాని సారాంశం. నేను అడగలేదు, అర్జీ పెట్టలేదు, ఈ వయసులో నా ముఖం చూసి అప్పిచ్చే ధర్మాత్ముడెవరా అని వెంటనే అనుమానం వచ్చింది. అల్లుడికి చూపిస్తే, ఇలాంటివి రోజూ వస్తుంటాయని, లోపలున్న సోఫా కూడా అలా నొక్కి కొన్నదేనని నవ్వాడు. వంటింట్లోంచి మా అమ్మాయి, అది రొక్కమిచ్చి కొన్నారనుకున్నానే అని ఆశ్చర్యపోయింది. ఆ తరువాత ఇద్దరూ నవ్వుకున్నారు గానీ నాకు నవ్వు రాలేదు. నా మనసు కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో మేమున్న పాత ఇంటి గడప దగ్గరికి వెళ్ళి నిలబడింది.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. గని గేటు దగ్గర తనిఖీ విభాగంలో గుమాస్తాగా చేరిన నాటి నుంచి, షిఫ్టు ముగించుకుని పైకి వచ్చిన ప్రతి మనిషినీ తడిమి, తలపాగా విప్పించి, చెప్పులు దులిపించి, టిఫిన్ క్యారియర్‌లో మిగిలిన నాలుగు మెతుకుల్ని కూడా కెలికి చూసి పంపడం చూస్తూ బతికినవాణ్ణి. అన్నేళ్ళు ఆ పనిలో ఉన్నాక, ఎదురుగా వచ్చే మనిషి ముఖం కంటే ముందు అతని జేబు కనబడేది.

తరువాత గని మూతపడింది. ఆ రోజు ఊరంతా ఏడ్చిందని ఇప్పుడు చెప్పుకుంటారు గానీ మా వీధిలో ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే ఎవరూ నమ్మలేదు. మళ్ళీ తెరుస్తారు, ఎవరో విదేశీ కంపెనీవాళ్ళు చూసి వెళ్ళారు, ఢిల్లీలో ఒక్క సంతకమే మిగిలింది అని ప్రతి పండగకీ ఒక కబురు వచ్చేది. ఆ కబురు మీద మేమంతా అప్పులు చేశాం. ఇంకా వింతేమిటంటే, ఇచ్చేవాళ్ళు కూడా దాన్నే నమ్మారు. రాబర్ట్‌సన్‌పేట బజారులో కిరాణా శెట్టిగారు, "గని తెరిస్తే ఇద్దువులేప్పా, యాడికి పోతావు" అంటూ బియ్యం కొలిచి పోయించేవారు. మనుషులందరినీ అనుమానించే నేను ఆ ఒక్క పుకారుని మాత్రం తడిమి చూడలేదు.

గని మూసేటప్పుడు కంపెనీ ఇచ్చిన సొమ్ము పాత బాకీలకే సరిపోయింది. నేను బెంగళూరులో ఒక బట్టల ఫ్యాక్టరీలో స్టోరు గుమాస్తాగా చేరి, తెల్లవారకముందే రైలెక్కి వెళ్ళి వస్తున్నా, వచ్చిన జీతం వచ్చినట్టే వడ్డీలకి పోయేది. చివరికి మా ఆవిడ మెడలో ఉన్న గొలుసు, వాళ్ళమ్మ పోతూ పోతూ తన మెడలోంచి తీసి ఇచ్చినది, తాకట్టు కొట్టుకి చేరింది. కొన్నాళ్ళకి కొట్టాయన మనిషిని పంపి, ఉగాది దాకా చూస్తాను, ఆ తరువాత వేలానికి పెట్టేస్తాను అని చెప్పించాడు.

అంతవరకూ నన్ను ఒక్క మాట అనని మా ఆవిడ, ఆ సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి గడపకి అడ్డంగా నిలబడి జేబులు చూపించమంది. నేను బిత్తరపోయాను.

"గనిలో బంగారం పోకుండా అందర్నీ తడిమి పంపిస్తా ఉంటిరి కదా. ఇప్పుడు మన బంగారం పోతా ఉండాది. ఇంగ ఈడ తడిమేవాళ్ళు వద్దా?" అంది.

అలా మొదలైంది మా ఇంటి తనిఖీ. ఇప్పటివాళ్ళు దీన్ని బడ్జెట్ అంటారట. రోజూ గడప పక్కనున్న రాతిబండ మీద నేను జేబులు ఖాళీ చేయాలి, క్యారియర్ మూతలు తీయాలి, తగ్గిన ప్రతి రూపాయికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఒకసారి జేబు మూలలో రెండు వేరుశనగ తొక్కలు దొరికితే, కొన్నారా, ఎవరైనా పెట్టారా, పెడితే ఎందుకు పెట్టారు అని అన్నం చల్లారేదాకా విచారణ జరిగింది. నేనేం తక్కువ తినలేదు. ఆమె కొంగు ముడి విప్పి చూసేవాణ్ణి, కందిపప్పు డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా కలిపేవాణ్ణి, బేతమంగళ నుంచి బావమరిది వచ్చి వెళితే సంచీలో ఏం పట్టుకెళ్ళాడోనని బస్సు దాకా సాగనంపేవాణ్ణి.

జీతం రాగానే దాన్ని గాజు సీసాల్లో పంచేవాళ్ళం. తిండికి ఒకటి, అద్దెకీ రైలు పాసుకీ ఒకటి, పాత బాకీలకి ఒకటి, గొలుసుకి ఒకటి. రేకు డబ్బాలైతే ఒకరికొకరు కథలు చెప్పుకోవచ్చు, గాజైతే బయటికి కనబడుతుందని ఆమె పట్టుబట్టింది. ఇద్దరం ఎదురుగా ఉంటే తప్ప ఏ సీసా మూతా తీయకూడదు. శెట్టిగారి అంగడికి తనే వెళ్ళి, పాత బాకీ నెలనెలా కొంత కడతాం, ఇకమీదట మా ఆయన వచ్చి అడిగినా అప్పుకి ఇవ్వొద్దు అని చెప్పి వచ్చింది. ఆయనకీ అనుమానమే. "ఏమమ్మా, వేరే అంగడి చూసుకున్నారా?" అని అడిగారట.

సంక్రాంతి దాటాక నాకు ఒక విషయం తట్టింది. గొలుసు సీసాలో మేము వేసినదానికంటే ఎక్కువ కనబడుతోంది. తగ్గితే దొంగ ఉన్నాడని అర్థం చేసుకోవచ్చు, పెరిగితే ఏమనుకోవాలి? మళ్ళీ ఎక్కడైనా అప్పు చేసిందేమోనని భయం పట్టుకుంది. అడిగితే, తొణక్కుండా జవాబిచ్చింది.

"గేటు కాడ బయటికి పొయ్యేదాన్నే కదా వెతికేది. లోపలికి వచ్చేదాన్ని ఎవరైనా అడిగినారా?"

నిజమే, ఎవరూ అడగలేదు. కానీ నేను ఊరుకునే రకం కాదు. ఒకరోజు పొద్దున రైలెక్కడానికని బయల్దేరి, వీధి మలుపులో నిలబడి, ఆమె ఇంటికి తాళం వేసి వెళుతుంటే వెనకాలే నడిచాను. మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేని ఆండర్సన్‌పేట వైపు వెళ్ళి ఒక కల్యాణమండపం పెరటి దారిన లోపలికి పోయింది. గోడ పక్క నుంచి చూశాను. తను నిలబడితే నడుము దాకా వచ్చే అన్నపు గుండిగలోకి సగం ఒంగి, బూడిద వేసి కొబ్బరి పీచుతో బరబరా తోముతోంది. మండపంలో సన్నాయి మోగుతోంది. మా ఇళ్ళల్లో పెళ్ళికి పిలిస్తే ముందు వరుసలో కూర్చోబెట్టే మనిషి. నాకు ఏడుపొచ్చింది. పిలిస్తే సిగ్గుతో చచ్చిపోతుందని చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి, సాయంత్రం రైలు వేళ దాకా స్టేషనులో కూర్చున్నాను.

ఆ సాయంత్రం గడప దగ్గర మామూలుగానే నా జేబులు తడిమింది. చేతులకి బూడిద వాసన వస్తోంది. నేను ఏమీ అడగలేదు. ఆమె కొంగు ముడి విప్పి చూడటం ఆ రోజే మానేద్దామనుకున్నాను గానీ, మానేస్తే ఆమెకి అనుమానం వస్తుందని మర్నాటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

ఉగాదికి ముందే గొలుసు విడిపించాం. నేను దాన్ని కొట్టుకి ఎదురుగా ఉన్న కంసాలి ఆచారి దగ్గరికి తీసుకెళ్ళి, గీటురాయి మీద గీయించి, తూకం వేయించిన తరువాతే జేబులో పెట్టుకున్నాను. తాకట్టు కొట్టాయన నొచ్చుకున్నాడు, నొచ్చుకోనీ. ఇంటికి రాగానే మా ఆవిడ ముందు జేబులు తడిమి, గొలుసు తనే బయటికి తీసి, కళ్ళకద్దుకుని మెడలో వేసుకుంది. శెట్టిగారి బాకీ తీరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అది తీరాక కూడా తనిఖీ ఆగలేదు.

ఆ గని గేటు దగ్గర ఇప్పుడు ముళ్ళకంపలు మొలిచాయట. ఇక్కడ మా అమ్మాయీ అల్లుడూ అన్యోన్యంగా ఉంటారు, ఒకరి జేబు ఒకరు ముట్టుకోరు, ఒకరి ఫోను ఒకరు తెరవరు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రెండోవారికి తెలియనంత నమ్మకం వాళ్ళది. డబ్బు ఏ గడప దాటి పోతోందో నాకు కనబడటం లేదు, కనబడితే వెళ్ళి అడ్డంగా నిలబడేవాణ్ణి.

నిన్న పార్కు నుంచి వచ్చేసరికి మా ఆవిడ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఇప్పుడు తనకి చూపు సరిగా ఆనదు. నేను వెళ్ళి ముందు నిలబడగానే చెయ్యి చాచి నా జేబులు తడిమింది. అందులో ఏమీ లేదు, ఉండదని ఇద్దరికీ తెలుసు. అరిగిన ఆ వేళ్ళు నా జేబులో ఉన్నంతసేపూ, ఆ రోజు గోడ పక్కన నిలబడింది నేనేనని చెప్పేద్దామా అనుకున్నాను. చెప్పలేదు. ఆమె నన్ను ఇన్నేళ్ళు వెతికినా దొరకనిది అదొక్కటే.