గాజు తొట్టిలో పద్దెనిమిది మొలకలు

నా చిన్నప్పుడు నాంపల్లిలో మా ఇంటి వెనక గదిలో, మూత తీయకూడని గాజు తొట్టి ఒకటి ఉండేది. ఒకప్పుడు చేపలు పెంచిన తొట్టి అది. దాంట్లో బొగ్గు ముక్కల మీద తడి నాచు పరిచి, గోరంత ఆకులున్న పద్దెనిమిది ఆర్కిడ్ మొలకలను మా తాతయ్య నాటాడు.

ఆయన పదేళ్లు పెంచిన ఆర్కిడ్ మొక్క ఆ ఎండాకాలమే చచ్చిపోయింది. దాని గింజలు పిండిలా ఉంటాయి, మట్టిలో వేస్తే మొలవవు. అంతకు రెండేళ్ల ముందు ఒక కాయను బెంగళూరు స్నేహితుడికి పంపితే, ఆయన సీసాలో ఏదో జిగురు పోసి మొలకెత్తించి పంపాడు. సీసాను గుడ్డలో చుట్టి రోకలితో పగలగొట్టి, వేళ్లకు అంటిన జిగురును తాతయ్య గంటసేపు కడిగాడు. ఇవి పోతే ఆ మొక్క వంశమే ఉండదని అందరికీ చెప్పేవాడు. నాటి వారం తిరక్కుండానే ఆయనకు కంటి ఆపరేషన్ రోజు వచ్చిపడింది.

ఆ రోజుల్లో శుక్లాలు తీస్తే రెండు కళ్లకూ కట్టుకట్టి వారం రోజులు కదలకుండా పడుకోబెట్టేవారు. వెళ్లేముందు తొట్టిని నాకు అప్పజెప్పాడు. "మూత తియ్యకు బిడ్డా. నీళ్లు పొయ్యకు. జర చూస్కుంట ఉండు, ఏమన్నా అయితే నాకొచ్చి చెప్పు" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గర్వంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు.

రెండోరోజు పొద్దున ఒక మొలక మొదలు గోధుమరంగుకు తిరిగి వాలిపోయింది. దాహమేమో అనుకున్నాను. మా ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ముందు నోట్లో పోసేది తీర్థమే. నానమ్మ పూజ గిన్నెలోంచి తులసి, పచ్చకర్పూరం కలిసిన తీర్థం ఒక ఉద్ధరిణెడు తెచ్చి, మూత తీసి పోసి, దండం పెట్టుకుని మూసేశాను.

మర్నాటికి పక్కవి రెండు వాలాయి. ముట్టుకుంటే ఆకు ఊడి వేలికి అంటుకుంది. నాచు మీద తెల్లటి బూజు పాకుతోంది. గాజుకు లోపల పట్టిన చెమటతో రోజురోజుకీ మొలకలు సరిగా కనబడేవి కావు. కనబడనందుకు లోలోపల సంతోషించాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పోయినవాటిని ఏరి, అవే వేళ్లతో మిగిలినవాటిని సరిచేసి, ఇంకో ఉద్ధరిణె పోశాను.

రోజూ సాయంత్రం క్యారియర్ పట్టుకుని నానమ్మతో రిక్షాలో ఆబిడ్స్ మీదుగా దవాఖానకు వెళ్లేదాన్ని. మొదటిరోజే నర్సమ్మ మమ్మల్ని తలుపు దగ్గర ఆపి, "పెద్దాయనకు బాధ పెట్టే మాటలు చెప్పకున్రి. ఏడ్చిండంటే కుట్లు తెగుతయ్" అంది. లోపల తాతయ్య కట్టున్న మొహాన్ని నా అడుగుల చప్పుడు వైపు తిప్పాడు.

"మంచిగున్నయా బిడ్డా?"

"ఔ తాతా, మంచిగున్నయ్."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఇంట్లో మాత్రం పదిహేను, తొమ్మిది, నాలుగు. నాలుగే మిగిలిన రోజున ఆయన నా చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకోబోయి ఆగాడు. నా వేళ్ల నుంచి కర్పూరంతో పాటు కుళ్లు వాసన రావడం నాకే తెలుస్తోంది. అయినా తాతయ్య నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చిన రోజు మూత ఆయనే తీశాడు. ఒక్కటీ లేదు. తిట్ల కోసం తలవంచుకుని నిలబడ్డాను. నల్లద్దాల వెనక ఆ కళ్లు ఎలా ఉన్నాయో తెలియలేదు. నాచును వేలితో కదిలించి చూసి అన్నాడు: "తప్పు నాదే బిడ్డా. మంచిగున్నయా అని అడిగితే ఎవ్వరైనా మంచిగున్నయ్ అనే అంటరు. ఇయాల ఎన్ని పోయినయ్ అని అడగాల్సుండె. అన్ని దినాలు ఒక్కదానివే ఎట్ల మోసినవే?"

అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ మొక్క వంశం అక్కడితో ఆగిపోయింది.

నాకిప్పుడు అరవై దాటాయి. తాతయ్య నేర్పిన ఆ అడిగే తీరు మాత్రం నాతో ఉండిపోయింది. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు, వచ్చినవాళ్లంతా బాగున్నావా అంటే, బాగానే ఉన్నానని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. అందరూ వెళ్లాక పక్కన కూర్చుని, "నొప్పి ఎప్పటిసంది ఉందమ్మా?" అని అడిగాను. అమ్మ కొంగు తప్పించి, మూడు నెలలుగా ఎవరికీ చెప్పని రొమ్ములోని గడ్డ మీద నా చెయ్యి పెట్టుకుంది.