నాకోసం మార్చుకున్న షిఫ్టు

స్నేహితురాలి పెళ్లికి విజయవాడ నుంచి శ్రీరాంపూర్ వెళ్లాను. పెళ్లివారు లాడ్జి మాట్లాడలేదు. వచ్చినవాళ్లను గని కార్మికుల క్వార్టర్లలో ఇంటికొకరిని సర్దారు. ముక్కూ మొహం తెలియనివాళ్లింట్లో ఎలా పడుకోవాలని విసుక్కుంటూనే లక్ష్మక్క ఇంటికి వెళ్లాను. ఉన్నది ఒక్కటే గది. మంచం నాకిచ్చి ఆమె కింద పడుకుంది.

పొద్దున తలుపు తీస్తే ఆమె భర్త మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బట్టలనిండా బొగ్గుమసి.

"లోపలికి రాలేదేం బాబాయ్?"

"నిద్రల ఉన్నవ్ గదా బిడ్డా. ఏం ఫికర్ లేదు."

లక్ష్మక్క చాయ్ ఇస్తూ చెప్పింది. "ఈయనది పొద్దుగాల షిఫ్టే. ఆడపిల్ల వస్తది, నేనుంటే పరేషాన్ అయితదని రాత్రికి మార్చుకున్నడు."

ముహూర్తానికి లేపమని చెప్పి, స్నానం చేసొచ్చి ఆయన ఆ మంచం మీదే నిద్రపోయాడు. మొహాన ఎండ పడుతుంటే, పెళ్లికని తెచ్చుకున్న నా పట్టు చున్నీని కిటికీకి కట్టాను.