ఫోన్లో పిలిచిన బోనాలు

మా అన్న ఇల్లు దబీర్‌పురా, మాది ఫలక్‌నుమా. లోకల్ రైలెక్కితే ఎంతో సేపు పట్టదు. అయినా ఈసారి బోనాలకు అన్న నన్ను ఫోన్లో పిలిచాడు.

ఇంటి ఆడబిడ్డను పండక్కి పిలవాలంటే పుట్టింటి మనిషి గడప తొక్కాలి, బొట్టు పెట్టాలి. మోకాళ్ళ నొప్పులతోనే అమ్మ ఏటా వచ్చి పిలిచేది. అమ్మ పోయాక ఇవే మొదటి బోనాలు. మనిషి వచ్చి పిలిచేదాకా వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను.

ఆ ఫోన్ పెట్టేసిన పూటనుంచే నాకు అన్నం ముద్ద దిగడం మానేసింది. గొంతులో ఏదో ఉండ అడ్డం పడ్డట్టుండేది. చాయ్ తాగడానికి, అన్నను తిట్టడానికి మాత్రం అడ్డు రాలేదు.

ఆస్పత్రికి వెళితే గొంతులో గొట్టం పెట్టి చూశారు, రక్తం తీశారు. అన్నీ నార్మల్ అన్నారు. నేనింత బాధపడుతుంటే నార్మల్ అనడం రెండో అవమానం. మూడోది కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ చేసింది.

"ఎవరి మీదన్నా కోపంగా ఉన్నారాండీ?"

"గొంతు సూడమంటే మా ఇంటి లొల్లి అడుగుతవేంది, డాక్టరమ్మా?"

"చిన్నప్పుడు మీరు ఏడిస్తే ఏం చేసేవారండీ?"

అమ్మ నోట్లో బెల్లంముక్క పెట్టేది. అన్నకైనా నాకైనా, నోరు నిండితే ఏడుపు ఆగాలి. అదే చెప్పాను, ఇప్పుడు అమ్మ లేదనీ చెప్పాను.

"మరి ఆవిడ పోయినప్పుడు ఏడ్చారా?"

"చుట్టాలకు చాయ్‌లు పోసుడే సరిపోయింది. ఏడ్సెతందుకు తీరికేది?"

"ఆపుకున్న ఏడుపు ఒంట్లోనే ఎక్కడో చోటు చూసుకుంటుందండీ" అంది. ఒక్క మాత్ర రాయలేదు. అది నాలుగో అవమానం.

పండగ ముందురోజు అన్న వచ్చాడు. చేతిలో అమ్మ కుంకుమ భరిణె. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మ లేకుండ నీ గడప ఎక్కితే ఏడుపొస్తదని ఫోన్ చేసిన, చెల్లె."

"నువ్వు ఏడ్వకుండ ఉండెతందుకు నా గొంతు పట్టాల్నా?"

"నాకు నడుం పట్టింది. ఎక్స్‌రేల ఏం లేదన్నరు."

రోగంలో కూడా నాతో పోటీకి వచ్చాడు! గట్టిగా అనబోయాను. ఈలోగా అన్న బొట్టు పెట్టాడు. భరిణెలో అమ్మ వేలు తిప్పిన గుంట అలాగే ఉంది. వీధి వాకిట్లో ఇద్దరం, బజారంతా చూస్తుండగా, చిన్నపిల్లల్లా ఏడ్చాం. బెల్లం ఎవరూ పెట్టలేదు.

మర్నాడు దబీర్‌పురాలో మారు అడిగి మరీ అన్నం తిన్నాను. తింటూనే, బొట్టు వంకరగా పెట్టాడని వదినకు చెప్పాను.