మెట్ల ముక్కు పిట్ట

చౌటుప్పల్ ఫ్లెక్సీ దుకాణంలో బొమ్మలు గీసే అఖిల చేతికి ఒక లోపం ఉంది. కంప్యూటర్లో ఎంత నున్నటి వంపైనా తిరుగుతుంది. ఆమె లకుముకి పిట్ట ముక్కు మాత్రం మెట్లు మెట్లుగా వస్తుంది. చీర నమూనాలు గీసే గళ్ల కాగితం మీద, నేతగాడైన తండ్రి వెంకటనర్సు పక్కన కూచుని గీత నేర్చింది మరి. నూలుకు ముడులు కట్టి రంగులద్దే నేతలో నున్నటి వంపుండదు. మనిషిని నడకతో పోల్చుకునే ఊళ్లు చూశాను. నేత ఇళ్లలో చీర అంచుతోనే చేతిని పోల్చుకుంటారు.

తెలంగాణ వచ్చిన ఐదారేళ్లకు, ఒక ఎండాకాలం, వెంకటనర్సు ఎర్రరంగులో ముంచిన నూలు ఇటుకపొడిలా తేలింది. మళ్లీ ముంచినా అంతే. బోరునీళ్లు వాసనేస్తున్నాయి. వాగవతల మందుల కంపెనీ.

"నీళ్లే మారినయి బిడ్డా. కంపెనీ ఇంకింత పెంచుతరట. మీటింగుల గీ నూలు సూపిచ్చి అడుగుత," అన్నాడు.

ఆ వారమే కంపెనీ పని దుకాణానికి వచ్చింది: కంపెనీ పెంపు మీద ఊరి మాట వినే ఆ సభలోనే కట్టడానికి వాగు బొమ్మ. వాగు ఫొటోలోని నీటి నుంచే అఖిల రంగు తీసి నింపింది. యజమాని రాంచందర్ వెనక నిలబడ్డాడు.

"గిదేం రంగు, చాయనా?"

"వాగుదే సార్. ఫొటోలకెల్లి తీసిన."

"వాళ్లడిగింది వాగును, హోటల్ను గాదు. నీలం కొట్టు, పిట్టలు వెట్టు. లేకుంటే రేపటిసంది రాకు."

వెక్టర్ బొమ్మలో రంగు ఒకచోట మారిస్తే అలలన్నీ మారతాయి. వాగు అంత సులువుగా శుభ్రమైన చోటు నేనెక్కడా ఎరగను. అఖిల బొమ్మ ఒడ్డున రెల్లు నాటింది, తన లకుముకి పిట్టను పెట్టింది. ఇంట్లో చెప్పలేదు.

సభలో ఆ బొమ్మ గోడంత ఎత్తున నిలిచింది. చెడిన నూలు తువ్వాలలో చుట్టుకొచ్చిన వెంకటనర్సు, పేరు పిలవగానే లేచాడు.

"మా బోరునీళ్లు కరాబైనయి సార్."

కంపెనీ మనిషి నవ్వాడు. "వాగు గట్ల మెరుస్తుంటే బోరెట్ల కరాబైతది తాతా? బొమ్మ అబద్ధమంటవా? సూసి గీసిండ్రు. మీ ఊరోళ్లే."

వెంకటనర్సు బొమ్మ వైపు తిరిగాడు. పిట్ట ముక్కు దగ్గర చూపు ఆగింది. టెంటు గుంజ పక్కన అఖిల తల దించుకుంది.

"చెప్పు పెద్దాయనా," అన్నాడు సభ నడిపే అధికారి.

"ఏం లేదు సార్." తువ్వాల విప్పకుండానే కూచున్నాడు.

పొద్దుగూకక ముందే ఇల్లు చేరి, పొయ్యి మీద కొత్త రంగు కలిపాడు. అఖిల గడపలోనే నిలబడింది.

"ఏం రంగు, నాయినా?"

"నలుపు. నలుపుల ఏ నీళ్లైనా తెలువది బిడ్డా."