కాంతమ్మ కొలువులో పారిన ఏరు

పుంగనూరులో ఫ్యాన్సీ స్టోరు కాంతమ్మ కథ మొదలుపెట్టిందంటే గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు గాజుల సంగతే మరిచిపోతారు. కుప్పంలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు లెక్కల అయ్యవారికి తానే లెక్కలు నేర్పిందట. ఇక ఆ బడిలో తనకు చెప్పగలిగినవాళ్ళు లేక మానేసిందట. ఆమె ఫెయిలైన సంగతి తెలిసిన భర్త గురుమూర్తి, ఆ కథ రాగానే అటు తిరిగి అద్దాల బీరువా తుడుచుకుంటాడు.

పెద్దకోడలు కాబట్టి అత్తగారి బొమ్మల పెట్టె ఆమె దగ్గరే ఉంది. దసరా బొమ్మల కొలువు ఏటా ఆమె ఇంట్లోనే. మదనపల్లెలో ఉండే తోడికోడలు యమునకు ఆ పెట్టె మీద ఎప్పటినుంచో కన్ను. ఈ ఏడు కాంతమ్మే ఆమెకు దారి చూపించింది. కొలువు మెట్ల ముందు ఏటి ఒడ్డున ఒక వింత పట్నం కడతాననీ, ఏట్లో నిజం నీళ్ళే పారతాయనీ, చుక్క కూడా నేల మీద పడదనీ ఫోనులో కోతలు కోసింది. పడితే ఏం చేస్తావని యమున ఊరుకోకుండా అడిగింది.

"పడితే పెట్టె నువ్వే ఎత్తుకోని పో యమునా. నేనే ఆటోకి ఎక్కిస్తా."

గురుమూర్తి తల పట్టుకున్నాడు. కాంతమ్మ మాత్రం అట్టపెట్టెలు చిరిగి అమ్ముడుపోని, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలన్నీ అంగట్లోంచి తెచ్చి నట్టింట్లో కుమ్మరించింది. టమాటా తోటల్లో పరిచే మల్చింగ్ షీటు ఏటికి అడుగయింది. దానికి రెండు వైపులా నీలపట్నం లేచింది. మేడలకు చేపతోకల కప్పులు. వంతెన మీద రెక్కల పాము కూర్చుని, దాటేవాళ్ళ దగ్గర సుంకం కింద మిరపకాయ బజ్జీలు వసూలు చేస్తుంది. జనం పగలు మనుషులు, పొద్దు గూకితే చేపలు. ఇదంతా తాను కుప్పంలో చిన్నప్పుడు చూసిందేనని ఆమె ప్రమాణం చేసింది. స్టూలు మీది బిందెలోంచి డ్రిప్పు పైపు గుండా దిగిన నీళ్ళు ఊరంతా చుట్టి, చివర ఇటుకల చెరువులో చేరాలి. చెరువు తర్వాత ఏమీ లేదు. చెరువు నిండడమే అబ్బురమైన చోట పెరిగిన మనిషికి, నిండాక నీళ్ళు ఎటు పోతాయన్న ఆలోచనే రాలేదు.

పేరంటం నాడు యమున వచ్చి సరిగ్గా చెరువు పక్కనే కూర్చుంది. ముందే నేల తడిమి చూసుకుంది కూడా. కాంతమ్మ పైపు వదిలింది. నీళ్ళు వంతెన కింద దూరి, మేడల మెట్లు తడుపుతూ మలుపు తిరుగుతుంటే ఆడవాళ్ళంతా పళ్ళెంలోని శనగలు వదిలేసి మోకాళ్ళ మీద ముందుకు జరిగారు. చెరువు సగమైంది. నిండింది. నీరు కట్ట అంచున ఒక్క క్షణం ఊగి, ఒక మూల జారి, నేరుగా యమున కుచ్చిళ్ళలోకి దిగింది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాంతమ్మకు చెప్పడానికి కథ దొరకలేదు.

పక్కింటి యశోదమ్మ లేచి నిలబడింది. "చెరువు మొరవ పోతాండాదమ్మా. గంగమ్మకి పసుపు కుంకుమ ఇయ్యకుండా అట్ల సూస్తా కూసుంటారా?"

అంతే, గదంతా కదిలింది. చెరువు పొంగి పొర్లితే పూజ చేయకుండా ఊరుకునే ఊరు ఆ చుట్టుపక్కల లేదు. ఒకరు పసుపు చల్లారు, ఒకరు కనకాంబరాలు వేశారు. యమున తడి చీరతోనే ముందు కట్ట తెగకుండా రెండు ఇటుకలు పీకి మొరవకు దారి చేసింది. తర్వాత కర్పూరం వెలిగించి హారతి తానే ఇచ్చింది.

పూజ పూజే, పందెం పందెమే. దశమి మరునాడు కాంతమ్మ తానే బొమ్మలకు పాత చీరలు చుట్టి, పెట్టె ఆటోకి ఎక్కించింది. యమున ఎక్కి కూర్చుంది గానీ ఆటోను కదలనివ్వలేదు.

"పెట్టె ఎత్తుకోని పోతాండా సరే. ఏరు కట్టను నాకు యాడ వస్తాది అక్కా? వచ్చే ఏడు నువ్వొచ్చి కట్టల్ల."

"కడతా. మీ నట్టిల్లు సాలదు. మిద్దె మీద నించి దింపల్ల."

మిద్దె ఎంత ఎత్తో యమున లెక్క కట్టేలోగానే కాంతమ్మ ఆటో కడ్డీ పట్టుకుని, పై నుంచి దూకే ఏటికి రెక్కల పాములు ఎన్ని కావాలో చెప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు ఇంజను ఆపేసి ఇటు తిరిగి కూర్చున్నాడు.