కంచరి చదివిన అర్జీ

నాకు కోపం ముందు, బుద్ధి తరవాత. పంతొమ్మిది వందల నలభైల్లో, తమిళదేశపు ధర్మపురిలో పక్కింటి కంచరి మీద పంచాయతీ బోర్డుకు అర్జీ పెట్టానంటే కారణం అదే. పొద్దెక్కింది మొదలు టంగు టంగుమని ఇత్తడి బిందెలు కొట్టేవాడు. మధ్యన ఉన్నది ఒక్క మట్టిగోడ. మా ఇంట్లో నాలుగు నెలల పాప. అంతకు ముందు ఇద్దరు పోయారు. ఈ పిల్లైనా దక్కాలి, దక్కాలంటే కంటినిండా నిద్రపోవాలి. నాకు ఇంకేమీ పట్టలేదు.

ముఖాముఖి అడగొచ్చు కదా అంటారేమో. దిష్టి తగులుతుందని పాప సంగతి మా అమ్మ గడప దాటనివ్వలేదు. మా ఆవిడ కాన్పు కడత్తూరులో, మా అత్తగారింట్లో జరిగింది. బిడ్డను దుప్పటి కింద దాచి తెచ్చుకున్నాం. పేరు పెట్టే వేడుక కూడా చెయ్యలేదు.

తమిళం మాట్లాడటమే గాని రాయడం నాకు రాదు. ఎవరినైనా రాసిపెట్టమంటే వీధంతా తెలిసిపోతుంది. అందుకని మా నాయన నేర్పిన తెలుగక్షరాల్లోనే రాశాను. ఇద్దరు బిడ్డలు పోయారు, ఉన్న పాపకు ఈ మోతతో నిద్ర లేదు, ఈ మనిషికి జాలి లేదు, ఊరి బయటికి తరిమెయ్యండి అని రాసి, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

బోర్డు గుమాస్తాకు తెలుగు రాదు. చదవగలిగినవాడు ఊళ్లో ఎవడున్నాడని వాకబు చేసి ఒకణ్ణి పిలిపించాడు. విచారణకు పోయేసరికి నా కాగితం పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? కంచరే!

నా ఎదుటే ప్రెసిడెంటుకు అంతా తమిళంలో చదివి చెప్పాడు. ఒక్క మాట మింగలేదు. జాలి లేనివాడన్నదీ చెప్పాడు, తరిమెయ్యమన్నదీ చెప్పాడు. అతని కూడు పోయే మాట అది. ఇద్దరు బిడ్డలు పోయారన్న చోట మాత్రం ఆగి, నా వైపు తిరిగాడు.

"ఇంట్లో పాప ఉందా నాయనా? సుత్తి మోతకు నా చెవులు సగం పోయినాయి, ఏడుపు వినపడలే. ఒక మాట చెప్పకూడదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడికక్కడే అర్జీ వెనక్కి తీసుకున్నాను. తిరిగొచ్చే దారిలో ఉపాయం కూడా అతనే చెప్పాడు.

"పాప పండుకుంటే గోడమీద గుడ్డ వెయ్యి. నువ్వు తీసిందాకా సుత్తి ముట్టను."

మాట తప్పలేదు. గుడ్డ కనబడితే సద్దు లేని పనులు చూసుకునేవాడు, తీస్తే మళ్లీ టంగు టంగు.

రెండు నెలల తరవాత ఒకరోజు తెల్లారకముందే పాపనెత్తుకుని కడత్తూరు పోయాం. అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. మూడో రోజు మధ్యాహ్నం తిరిగొస్తే పక్కింట్లో చప్పుడు లేదు. చూద్దును కదా, వెళ్లే ముందు సాయంత్రం వేసి, తియ్యడం మరిచిన గుడ్డ గోడమీద అట్లాగే ఉంది! పరిగెత్తాను. చల్లారిన కొలిమి ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

"అయ్యో మామా, మూడు దినాలు పని మానుకున్నావా? వచ్చి అడగరాదా?" అని అరిచాను.

"అడగడానికి భయమేసింది నాయనా," అన్నాడు. "ముందు ఇద్దరు పోయినారని నేనే చదివితిని కదా."

గబగబా మా ఇంట్లోకి పోయాను. దిష్టి, దిష్టి అని అమ్మ వెనకాల కేకలేస్తూనే ఉంది. పాపను తెచ్చి అతని ఒళ్లో పెట్టాను.