కాల్చని బొగ్గుకు లెక్క

ఆఫీసులో కూర్చుని ఊళ్ల సంగతులు తేల్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నా ఉద్యోగమూ అదే కాబట్టి ఆ మంట రోజూ ఉంటుంది. దేశంలో కర్బన వ్యాపారం నడవాలంటే ఏ ఫ్యాక్టరీ ఎంత పొగ వదులుతోందో ముందు తెలియాలి. పరిమితి లోపల ఉన్నవాళ్లు మిగిలింది అమ్ముకుంటారు, దాటినవాళ్లు కొనుక్కోవాలి. ఆ లెక్కలు పోగుచేసే హైదరాబాదు కంపెనీ మాది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి పరిమితి దాటినట్టు మా జాబితాలో పడింది. అంత బొగ్గు మేం కాల్చలేదని యజమానురాలు కస్తూరి గారు మెయిల్ మీద మెయిల్ పెట్టారు. గుజ్జు కొనే కంపెనీ ఆ జాబితా చూసే వచ్చే సీజనుకు ఆర్డరు ఇస్తుంది. ఆర్డరు పోతే ఫ్యాక్టరీ మూతపడుతుంది. "ఫోన్లో తేల్చెయ్" అన్నారు మా సారు. నేను రైలు టికెట్టు తీసుకున్నాను.

అక్టోబరు నెల. ఉదయం ఆరున్నరకు తిరుపతిలో దిగాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: స్టేషన్లో స్నానం మీద ఆశ పెట్టుకోకండి, కొండకు పోయేవాళ్లతో కిటకిటలాడుతుంది. మొహం కడుక్కుని బస్టాండుకు నడిచాను. ఇడ్లీ వేడిగానే ఉంది, చట్నీ మాత్రం నీళ్లు. చిత్తూరు బస్సులో గుండ్లు చేయించుకున్న కుటుంబాల మధ్య సీటు దొరికింది. పక్కన మామిడితోట ఉన్న పెద్దాయన కూర్చున్నాడు.

"యాడికి పోతా ఉండావమ్మా?"

"గుజ్జు ఫ్యాక్టరీకి. ఎంత బొగ్గు కాలుస్తారో చూడ్డానికి."

"ఇప్పుడా? కాయే లేదు గదమ్మా. సీజను అయిపోయినాక ఆడ పొయ్యి ఎవురు ముట్టిస్తారు?"

జాలిగా చూశాడు. నాకు చివుక్కుమంది. మా జాబితాలో ఆ ఫ్యాక్టరీ పన్నెండు నెలలూ బొగ్గు కాలుస్తోంది మరి.

చిత్తూరులో దిగి ఆటో పట్టుకుంటే అరగంట. గేటు దగ్గరే కస్తూరి గారు ఎదురొచ్చారు. బాయిలర్ తలుపుకు సాలెగూడు పట్టి ఉంది. ముందు సంగటి, పప్పు పెట్టి, తర్వాతే మాకు పంపిన లెక్క కంప్యూటరులో తెరిచారు.

"కాల్చిన నెలలు రాసినాము. కాల్చనివి ఖాళీగా వదిలేసినాము."

"సున్నా వేయాల్సింది కదండీ?"

"మాది అంగడి పెట్టుకున్న కుటుంబం మేడమ్. లెక్కల్లో సున్నా రాయము. పెళ్లిలో నూటపదహారు చదివిస్తాము గాని వంద చదివించము గదా. మా నాయన నేర్పించింది అదే."

ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. చదువుకున్న మనిషికి ఈ పట్టింపేమిటి? కానీ ఆ ఖాళీలను నింపిందెవరు? సారుకు ఫోన్ చేశాను.

"ఖాళీ ఉంటే దాచారనే లెక్క," అన్నారాయన. "ఎక్కువ కాల్చిన నెల తీసి అన్నిట్లో వేస్తాం. రూలు అది."

"కార్తీకంలో మామిడి కాస్తుందా సార్?"

"పంటల సంగతి మన షీటులో లేదు."

ఫోన్ పెట్టేశాను. కస్తూరి గారికి అంతా విప్పి చెప్పాను.

"సున్నా రాస్తే మా ఆడోళ్లకు మళ్లీ సీజనుకు పనుంటాదా?" అని అడిగారు. కాయలు కోసే ఆడవాళ్లంతా చుట్టుపక్కల పల్లెలవాళ్లే.

ఉంటుందన్నాను. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, ఖాళీగా ఉన్న ఒక్కో నెలకూ సున్నా కొట్టారు. ప్రతిసారీ వేలు ఆగింది. పంపేశాక లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు.

సాయంత్రం తిరుపతిలో రైలెక్కాను. చల్లటి చపాతీ తింటూ అనుకున్నాను: దేశం మొత్తానికి పొగ లెక్క కట్టేవాళ్లకు మామిడి ఎప్పుడు కాస్తుందో తెలియదు, అడగరు కూడా. రేణిగుంట దాటాక సారు మెసేజ్ వచ్చింది. "సున్నాలన్నీ ఒకే రోజు వేశారు. అనుమానంగా ఉంది. కాల్చలేదనడానికి ఆధారం పంపమను. లేకపోతే పాత అంకెలే ఉంటాయి."

ఫోన్ చేశాను.

"సార్, మీరు లంచం తీసుకోలేదనడానికి ఆధారం పంపండి."

"ఏం మాట్లాడుతున్నావు?"

"ఆధారం లేదా? అయితే మీ రూలు ప్రకారం నెలనెలా తీసుకున్నట్టే లెక్క."